ముఖలింగం దాకా మావ కారు

ఇంజను కట్టి బిగించిన రోజున మా మావ కారు ఒక్క పిలుపుకే లేచింది. అదే మా కొంప ముంచింది. లేవకపోయి ఉంటే తప్పెక్కడుందో మొదటి నుంచీ వెతుక్కునేవాళ్లం. అది లేచింది, షెడ్డంతా పొగ నింపింది, మా బావ కళ్లలో నీళ్లు తెప్పించింది. మేమిద్దరం చేతులు పట్టుకుని గెంతాం. నాకు యాభై దాటాయి, హైస్కూల్లో సైన్సు చెబుతాను, పిల్లలు నన్ను చూస్తే గోడవార నుంచి నడుస్తారు. అయినా గెంతాను, నాకేం సిగ్గు. కాసేపటికి కారు దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత బతిమాలినా లేవలేదు.

బావ అంటే నా మొగుడు. మా నాన్న చెల్లెలి కొడుకు. కాబట్టి వాళ్లమ్మ నాకు పుట్టుకతోనూ అత్తే, పెళ్లితోనూ అత్తే. మావ అంటే ఆవిడ భర్త, పోయాడు. ఆమదాలవలసలో రైసుమిల్లు గోడ పక్కన మా ఇల్లు, ఇంటి పక్కన రేకుల షెడ్డు, ఆ షెడ్డులో మావ కారు. నల్లది, గుండ్రటి వీపుది. మలుపు తిరిగేటప్పుడు పక్క నుంచి చెయ్యి చాపినట్టు ఒక ఎర్రపుల్ల లేస్తుంది, అదే దాని ఇండికేటరు. మావ ఉన్నన్నాళ్లూ అది శ్రీకాకుళం, విజయనగరం దర్జాగా తిరిగింది. ఆయన పోయాక దాని టైర్లు నేలకి కరుచుకుపోయాయి.

మావ పోయాక మా బావ కూడా అలాగే అయిపోయాడు. పొలానికి పోవడం, రావడం, పెట్టింది తినడం. అడిగితే ఊఁ, అడక్కపోతే అదీ లేదు. నాకేమో నోరు ఊరుకోదు. గోడతో మాట్లాడినట్టు ఆ మనిషితో మాట్లాడలేక ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలుసు. అలాంటిది ఒక ఆదివారం తనంతట తనే షెడ్డులోకి వెళ్లి కారు బానెట్టు ఎత్తాడు. తర్వాత ఇంజను దింపాడు. విజయనగరం తీసుకెళ్లి అరిగిన సిలిండర్లు బోరు చేయించాడు. రాత్రి అన్నాల దగ్గర పిస్టన్ల గురించీ వాల్వుల గురించీ చెప్పడం మొదలుపెట్టాడు. అందులో సగం నాకు ఎక్కదు, అయినా ఆ మాటలు ఆగకూడదని ఆకలి లేకపోయినా మారు వడ్డించుకుని మరీ వినేదాన్ని. అందుకే ఆ కారు బతకడం ఆయనకెంత అవసరమో నాకూ అంతే అవసరం.

మా అత్తకి మాత్రం ఆ షెడ్డు కావాలి. కోతలొస్తే ధాన్యం బస్తాలు వేసుకోవడానికి చోటు లేదని ఆవిడ గోల. పాత ఇనుము కొనేవాడికి కబురు కూడా పెట్టేసింది. కారు మాటిమాటికీ ఆగిపోవడం చూసి ఒకరోజు షెడ్డు గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పింది.

"ఒరే, ఒక్కసారి సూస్తాను. నన్ను ముఖలింగం తీసికెల్లి, దర్శనం సేయించి, మల్లీ ఇంటికి తేవాల. దార్లో నన్ను ఇంకో బండెక్కనిచ్చేవా, మర్నాడే ఇనపోడొస్తాడు. మల్లీ నన్నడగొద్దు."

"అలాగేనమ్మా," అన్నాడు బావ. తల మళ్లీ బానెట్టు కిందికి దూర్చేశాడు.

ఇక మా పాట్లు మొదలయ్యాయి. ముందు, ఇంజనుకి నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు అరిగాయనుకున్నాం. మార్చాం. ఆ కారులో పెట్రోలు మీటరు ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. ట్యాంకులో ఎంతుందో చూడాలంటే మూత తీసి వెదురుపుల్ల ముంచాల్సిందే. ఏ పనీ మొదలుపెట్టకముందు బావ ముందు పుల్ల ముంచి చూస్తాడు, అది మావ నేర్పిన పద్ధతి. పుల్ల ముంచాడు, పాయింట్లు మార్చాడు, కారు లేచింది. "దొరికీసింది, పాయింట్లేనే," అని ఒకటే సంబరం. టీ పెట్టాను, పకోడీలు వేశాను. మర్నాడు పొద్దున్న మళ్లీ మామూలే, కాసేపు ఆడి చచ్చింది.

అయితే కాయిలన్నాం. పుల్ల ముంచి, కాయిలు మార్చాం, లేచింది. మర్నాడు చచ్చింది. కండెన్సరన్నాం. అదీ అంతే. కార్బ్యురేటరు విప్పి అందులోని సన్న కంతల జెట్లు ఊదాం, పెట్రోలు పంపు విప్పి చూశాం. ఫోన్లో ఎవడో తమిళంలో చెబుతున్న వీడియో చూసి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఇద్దరం తలలూపాం. వాడు తడిగుడ్డ పంపు మీద కప్పమన్నట్టు తోచింది. ఇంజను వేడికి పంపులో పెట్రోలు ఆవిరైపోతోంది కాబోలనుకున్నాం. కప్పాం. పుల్ల ముంచి చూసి తిప్పితే లేచింది. ఏం చేసినా బాగయ్యేది, మర్నాటికి ఏదీ బాగు కాలేదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు స్పానరు విసిరికొట్టాను, అది వెళ్లి కుడితి గోలెంలో పడింది. బావ చెయ్యి పెట్టి తీసుకొచ్చి, కడిగి, నా చేతికే ఇచ్చాడు.

అత్త మా జోలికి రాలేదు. తన మానాన తను పొద్దున్నే లేచి గడపకి పసుపు, తులసికి పసుపు, రోలుకి, గ్యాసు పొయ్యికి, బావ మోటారు సైకిలుకి, ఆఖరికి ఆ కారుకి. మొదటి రోజు కొబ్బరికాయ కొట్టి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది కూడా ఆవిడే. "నీకు ఇనుముకేసీడమే నయం," అని కారుని తిడుతూనే పసుపూ గంధం కలిపిన ముద్ద రాసి పైన కుంకుమ అద్దేది. ఆ ఇంట్లో బొట్టు లేని వస్తువంటూ లేదు. అందుకే మాకు కంటికి ఆనేది కాదు.

తడిగుడ్డ ఉపాయం వరసగా పనిచేసినట్టు అనిపించేసరికి, ఇక వాయిదా వేస్తే కోతలొచ్చేస్తాయని, ముఖలింగం బయల్దేరాం. తెల్లారకుండానే లేచి మేం తయారయ్యేలోపు అత్త ఆ రోజు కారుకి మరింత శ్రద్ధగా అలంకారం చేసింది. పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో బావ పక్కన కూర్చుంది. వెనక సీట్లో నేను, నాతో పాటు నీళ్ల డబ్బాలు, తడిగుడ్డలు, పాత పాయింట్లు, కొత్త పాయింట్లు, స్టార్టు చేసే హ్యాండిలు, పులిహోర.

బంకులో ట్యాంకు నిండా పోయించి శ్రీకాకుళం దాటి హైవే ఎక్కేసరికి నాకు పట్టలేని ఉత్సాహం వచ్చేసింది. ఆ కారు పోతుంటే జనం చూడ్డం చూడాలి. మోటారు సైకిళ్ల వాళ్లు పక్కనే వస్తూ ఫోన్లు పెట్టి తీస్తున్నారు. ఒక లారీవాడు వెనక నుంచి హారను కొట్టి కొట్టి, దాటేటప్పుడు తల బయట పెట్టి దండం పెట్టాడు. అత్త ఇవేమీ పట్టనట్టు ముందుకే చూస్తూ కూర్చుంది, కానీ చెయ్యి మాత్రం పైట సర్దుకుంటూనే ఉంది. వంశధార వంతెన మీద గాలి కొట్టింది. ఇంజను చప్పుడు ఒక్క తీరున సాగుతోంది. బావ నా వైపు అద్దంలో చూసి కన్ను కొట్టాడు, పెళ్లయిన కొత్తలో కొట్టినట్టు.

వంతెన దాటి నరసన్నపేట రాకముందే దగ్గింది. బావ పక్కకి తీసి ఆపాడు. తడిగుడ్డ వేశాం, అలవాటుగా పుల్ల ముంచాడు, పంపు మీదున్న చేతి మీట ఆడించి స్టార్టు చేశాడు. లేచింది.

"సూసేవా అమ్మా, గుడ్డేస్తే లెగిసిపోతాది," అన్నాడు.

"నానేటన్నాను?" అంది అత్త. "నన్ను దింపనేదు గదా. పోనీ."

నరసన్నపేట దాటి చల్లవానిపేట రోడ్డులో పడ్డాం. రెండు పక్కలా పచ్చటి వరి. ఊళ్లు దూరం, రోడ్డు మీద పెద్దగా జనం లేరు. ఈసారి దగ్గడం కూడా లేదు, ఊపిరి ఆడనట్టు నీరసించి నీరసించి ఆగింది. తడిగుడ్డ మార్చాం. ట్యాంకు నిండుగానే ఉంది కదా అని బావ ఈసారి పుల్ల జోలికి పోలేదు. తిన్నగా పంపు పట్టుకున్నాడు, మీట ఆడించి ఆడించి వేళ్లు కమిలిపోయాయి. ప్లగ్గులు తీసి తుడిచాడు. పాయింట్లు మార్చాడు. బ్యాటరీ నీరసపడింది. నేను ముందుకెళ్లి హ్యాండిలు దూర్చి తిప్పాను. తిప్పి తిప్పి జబ్బలు పడిపోయాయి, జడ ఊడిపోయింది, దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అది పలకలేదు.

అత్త లోపల కూర్చుని చాలాసేపు చూసింది.  తర్వాత తలుపు తీసుకుని దిగింది, రోడ్డు మీదకి వెళ్లి, అటే వస్తున్న ఆటోకి చెయ్యెత్తింది.

బావ చూశాడు. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది. "అమ్మా," అన్నాడు.  ఇంటికెళ్లాక ఈ మనిషి మళ్లీ గోడైపోతాడు, నాకు తెలుసు.

ఏం చెయ్యాలో తోచక, ఊరికే నిలబడలేక, బావ వెనక్కి వెళ్లి వెదురుపుల్ల తీశాడు. ట్యాంకు నిండుగా ఉందని తెలిసీ మూత తిప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

ఉస్సుమంది.

చిన్న చప్పుడు. గాలి బయటికి రావడం కాదు, లోపలికి పోవడం. మా షెడ్డులో రైసుమిల్లు హోరుకి పక్కవాడి కేకే వినపడదు. ఇక్కడ చేలు, పిట్టలు, అంతే. నాకు చెవుల దగ్గర కొట్టినట్టు వినపడింది.

"బావా, మళ్లీ ముయ్యి."

"ఏటే?"

"ముయ్యమన్నాను కదా."

మూసి మళ్లీ తీశాడు. ఈసారి చప్పుడు లేదు.  ఆయన చేతిలోంచి మూత లాక్కున్నాను. పైన పసుపూ గంధం ముద్ద ఎండి పెచ్చు కట్టింది, దాని మీద రూపాయంత కుంకుమ బొట్టు, ఆ రోజుది ఇంకా తడిగానే ఉంది. మూత తిరగేసి ఎండకేసి పట్టాను. ఎక్కడా వెలుతురు లేదు.

"దీనికి కంత ఉండాల," అన్నాడు బావ నెమ్మదిగా. "గాలి పోడానికి. నానే పిన్నీసెట్టి తీసేను, ఇంజను కట్టిన రోజు."

అంతే, నాకు మొత్తం కళ్ల ముందు తిరిగింది. పంపు ట్యాంకులోంచి పెట్రోలు లాగుతుంటే, ఖాళీ అయినంత మేర గాలి లోపలికి పోవాలి. గాలికి దారి లేకపోతే కాసేపటికి ట్యాంకే పెట్రోలుని వదలదు. మేం పుల్ల ముంచడానికి మూత తీసినప్పుడల్లా గాలి పోయింది, కారు లేచింది. పాయింట్లూ కాదు, కాయిలూ కాదు, ఆ తమిళవాడి తడిగుడ్డా కాదు. ఏటేటా ఎనిమిదో తరగతికి గాలి పీడనం పాఠం బల్ల గుద్ది చెబుతానే, ఆ నేనే మూత పక్కన నిలబడి ఇన్నాళ్లు స్పానర్లు విసిరాను. నవ్వొచ్చింది, కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందో తెలియలేదు.

వెనక్కి తిరిగేసరికి అత్త ఒక కాలు ఆటోలో పెట్టింది.

నేను పరిగెత్తాను. ఆటో ముందుకెళ్లి హ్యాండిలు అడ్డంగా పట్టుకుని నిలబడ్డాను. "అత్తా, దిగు. కాలు తీసేయ్."

"ఏటే, ఏటైంది నీకు?"

"దొరికింది. నువ్వు కూర్చోలేదు కదా, కాలే పెట్టావు. అది లెక్కలోకి రాదు. దిగు."

ఆటోవాడు నన్నూ, నా జడనీ, నా చేతిలో ఇనప హ్యాండిలునీ చూసి బెదిరిపోయాడు. "అమ్మా, ఎక్కుతారా నేదా? లోపల బేరం కూసున్నాది."

"ఉండరా బాబూ," అంది అత్త. కాలు మాత్రం అందులోంచి తీయలేదు.

నేను గాజుకున్న పిన్నీసు తీసి మూత గీకాను. పెచ్చు ఊడింది. లోపల ముద్ద గట్టిపడి సిమెంటులా ఉంది. పొడిచి పొడిచి తీస్తే చీమ దూరేంత కంత బయటపడింది, అందులోంచి సూర్యుడు కనపడ్డాడు. మూత బిగించాను. బావ పంపు మీట ఆడించాడు. పెట్రోలు వస్తున్నట్టు చేతికి తెలిసిందట, అరిచాడు. నేను హ్యాండిలు దూర్చి ఒక్కసారి, ఒళ్లంతా పెట్టి తిప్పాను. కారు లేచింది. ఎంత హాయిగా లేచిందంటే, ఆటోలో కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

అత్త అప్పుడు కాలు తీసింది. దగ్గరికొచ్చి కింద రాలిన పసుపు పెచ్చుల్ని చూసింది.

"నాను పెట్టిందేనా?" అంది.

నా నోటిదాకా వచ్చింది. ఇన్నాళ్ల పాట్లూ, విరిగిన గోళ్లూ, మార్చిన సామానూ, అన్నీ కలిపి ఒక్క కేకలో కక్కేద్దామనుకున్నాను. ఈలోపు బావ అందుకున్నాడు. "కాదమ్మా. దుమ్ము పట్టీసింది."

"దుమ్ము పసుపుపచ్చగా ఉంటదేటి బావా," అన్నాను. అబద్ధం నాకు పడదు.

అత్త మమ్మల్నిద్దర్నీ చూసింది. "అది తిండి తినే నోరు గదే. పొయ్యికెడతాను, రోలుకెడతాను, దీనికెట్టకపోతే ఎలాగ? రోజూ పెట్టి, లెగు నాయనా, ఆడి మొహం సూసైనా లెగు అని మొక్కుకునేదాన్ని." ఆగింది. కాసేపు మూత కేసి చూసి తనే అంది, "నూనె డబ్బాకి రెండు కంతలెడతాం. ఒక్కటెడితే నూనె దిగదు. అదేనా ఏటి?"

"అదే అత్తా."

ఎనిమిదో తరగతికి నాలుగు పీరియడ్లు పట్టే పాఠం. నాకు కోపం ఎటు పోయిందో పోయింది. కారుని ఇనుముకి వేసేస్తానని ఊరంతా చెప్పిన మనిషి, రోజూ పొద్దున్నే దాని దగ్గర నిలబడి కొడుకు కోసం మొక్కుకుంటోందని నేను ఊహించనే లేదు. ఆవిడ పట్టుచీర చెరగు తీసి మూత శుభ్రంగా తుడిచింది. ఆటోవాడితో "నువ్ పోరా, బేరం పాడుసేసేను," అని చెప్పి, వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

ముఖలింగం చేరేవరకూ మళ్లీ ఆగలేదు. దర్శనానికి బావ లోపలికి రానన్నాడు, కారుని వదలడట. బయట నుంచే దండం పెట్టుకున్నాడు. అత్త లింగం ముందు చాలాసేపు నిలబడింది. ఏం మొక్కుకుందో నేనడగలేదు. బయటికొచ్చేసరికి బావ ఊరి జనం మధ్య నిలబడి, బానెట్టు ఎత్తి, వాల్వుల గురించి చెబుతున్నాడు.

తిరుగు ప్రయాణంలో అత్త ఎదురొచ్చే ప్రతి ఆటోనీ తల తిప్పి మరీ చూస్తోంది. బావకి మళ్లీ బెంగ మొదలైంది. పులిహోర అందించే నెపంతో నేను ముందుకి వంగితే చెవిలో అన్నాడు, "కాలెట్టీసింది గదే, ఆటోలో."

"పెడితే? కూర్చుందా?"

"అమ్మ సంగతి నీకు తెల్దేటి."

తెలుసు. అందుకే నాకూ బెంగే. చల్లవానిపేట కూడలి వచ్చింది. అక్కడ ఒక రోడ్డు నరసన్నపేట మీదుగా మా ఇంటికి, ఇంకోటి పాతపట్నం వైపు.

"ఆపు," అంది అత్త.

ఆపాడు.

"ఇంజను కట్టీ."

"అమ్మా, ఎందుకే, బాగానే ఉన్నాది గదా."

"కట్టీమన్నాను."

బావ కట్టేశాడు. కూడలిలో బస్సులూ ఆటోలూ బోలెడు. ఎక్కాలనుకుంటే ఏదైనా ఎక్కొచ్చు. అత్త వాటికేసి చూసింది, తర్వాత కొడుకుకేసి చూసింది.

"ఇప్పుడు లేపు."

బావ స్టార్టరు లాగాడు. కారు వెంటనే లేచింది.

"అయితే పాతపట్నం పోనీ," అంది అత్త.

బావ అర్థం కానట్టు చూశాడు. "ఇంటికి గదమ్మా తీసికెల్లాల, నువ్వన్నావు."

"ఇంటికెప్పుడైనా ఎల్లొచ్చు. మా అన్నని సూడాల."

పాతపట్నం ఆవిడ పుట్టిల్లు, నా పుట్టిల్లూ అదే. ఆవిడ అన్న మా నాన్న. మోకాళ్లు పట్టేశాక బస్సు మెట్లెక్కలేక ఆవిడ అటు వెళ్లడం మానేసింది. అద్దె కారు మాట్లాడతాం పద అని ఎన్నోసార్లు అడిగాం, రాలేదు. ఏ మాటకామాట చెప్పాలి, నేను దాన్ని మొండితనమనుకున్నాను. అప్పుడు సీట్లో సర్దుకుని కూర్చుంటూ చెప్పింది కారణం.

"సొంత కారున్న ఇంటికిచ్చేరు నన్ను. ఆ గుమ్మంలో అద్దె కారు దిగుతానేటి?"

బావ గేరు వేశాడు, పక్కన ఎర్రపుల్ల లేచింది, పాతపట్నం రోడ్డు మీదకి తిరిగాం. కొంచెం దూరం పోయాక వాళ్లమ్మకి పిస్టన్ల సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ ఊఁ కొడుతోంది. నేను ఫోన్ తీసి మా నాన్నకి చేశాను.

"నాన్నా, అత్త వస్తోంది."

"బస్సెలాగెక్కిందే?"

"బస్సు కాదు. కారులో."

"ఏ కారు?"

"మావ కారు."

అటు ఫోను పక్కన పెట్టి ఎవరినో కేకేయడం వినపడింది. 

"ఉండు," అన్నాడు నాన్న. "గుమ్మం ముందు బళ్లున్నాయి. తీయించెత్తాను."